డీలర్ దగ్గర కొన్న పాత కారుకి యాక్సిడెంట్ రిపేర్లు దాచారా? ఇంట్లోనే ఇలా పట్టుకోండి

"కారు కొని నెల కూడా కాలేదు. సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, దీనికి ముందు పక్క గట్టిగానే తగిలింది సార్ అన్నాడు. డీలర్ మాత్రం చిన్న గీత కూడా పడలేదని చెప్పి అమ్మాడు. ఇప్పుడేం చేయాలి?" ఊరూ పేరూ, కారు మోడలూ మారతాయి గానీ, అడిగేది ఇదే.

ముందు ఒక మాట. డీలర్‌కి ఫోన్ చేయకండి. ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "అయ్యో, బండి ఒకసారి తీసుకురండి, చూద్దాం." బండి ఆయన షెడ్డులోకి వెళ్లి వచ్చేసరికి కొత్త పెయింటు పడుతుంది, అండర్‌కోటింగ్ (కారు అడుగున పూసే పూత) పడుతుంది, మీ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. ముందు ఆధారం, తర్వాత వాదన. అలాగని నెలలు నాన్చకూడదు. కింద చెప్పినవన్నీ వారం లోపు ముగించవచ్చు.

కావలసినవి

- పగటి వెలుగు, మంచి టార్చిలైటు, ఫోన్ కెమెరా
- పెయింట్ మందం కొలిచే మీటరు. కొనక్కర్లేదు, డెంటింగ్-పెయింటింగ్ షాపుల్లో ఉంటుంది, అద్దెకూ దొరకవచ్చు. అల్యూమినియం మీద కూడా చదివే రకం అయితే మేలు
- మీటరు దొరకకపోతే, మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం
- టేపు, నోట్‌బుక్కు
- ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు) మాడ్యూళ్లను, అంటే వాటి కంప్యూటర్లను కూడా చదివే స్కానరు ఉన్న గ్యారేజీ. ఇంజన్ లోపాల కోడ్లు మాత్రమే చదివే చవక ఓబీడీ డాంగిల్ (కారుకి గుచ్చే చిన్న పరికరం) ఈ పనికి చాలదు

1. కారు కంటే ముందు కాగితాలు

డీలర్ పెట్టిన ప్రకటన ఇంకా ఆన్‌లైన్‌లో ఉంటే స్క్రీన్‌షాట్లు తీయండి. ఫొటోలన్నీ అసలు సైజులో దించుకోండి. "యాక్సిడెంట్ కాని బండి", "ఒరిజినల్ పెయింట్" లాంటి మాటలు ఎక్కడ ఉన్నా వదలకండి. చాటింగ్ మెసేజీలు, బిల్లు, వారంటీ కాగితం, మీరు సంతకం పెట్టిన ప్రతి ఫారం ఒక ఫోల్డరులో పెట్టండి.

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా కారు మీద పడతారు. కానీ రేపు డీలర్ అనబోయే మొదటి మాట "మా దగ్గర తీసుకున్నాక మీరే ఎక్కడో గుద్దేశారు" అన్నదే. దానికి జవాబు ఆ ప్రకటన ఫొటోల్లోనే ఉండొచ్చు. వాటిని పెద్దవి చేసి బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు చూడండి. అప్పుడే వంకరగా ఉంటే, ఆ వంకర మీరు కొనకముందుదే.

ఇవాళ్టి కిలోమీటర్ల రీడింగు, తేదీ కనబడేలా డ్యాష్‌బోర్డు ఫొటో ఒకటి తీసి దాచండి.

2. కడిగి, ఆరబెట్టి, సందులు చూడండి

మురికి మీదా తడి మీదా ఏ లోపమూ కనబడదు. కారు కడిగి, పూర్తిగా ఆరాక చదునైన నేల మీద నిలపండి. తలుపులు, బానెట్, డిక్కీ చుట్టూ ఉన్న సందులను ఎడమా కుడీ పోల్చండి. సందు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అయితే అంకె ముఖ్యం కాదు. పైనుంచి కింద దాకా ఒకే వెడల్పు ఉందా, అవతలి వైపు సందుతో సరిపోతోందా అన్నదే చూడాలి.

తర్వాత ముందు లైటు దగ్గర వంగి, కారు పొడవునా ఏటవాలుగా చూపు సారించండి. కరెంటు తీగలో, కిటికీలో ఏదో ఒకటి పెయింటులో ప్రతిబింబిస్తుంది. ఆ గీత ఒక తలుపు మీద తిన్నగా సాగి పక్క తలుపు మీద అలలుగా వణికితే, ఆ రెండో తలుపుకి లప్పం పెట్టి ఉండొచ్చు. రంగులో తేడా మేఘం పట్టిన రోజు బాగా తెలుస్తుంది, ఎర్రటి ఎండలో మెరుపు దాన్ని మింగేస్తుంది. రాత్రి షోరూం లైట్ల కింద అన్ని కార్లూ అందగత్తెలే.

రబ్బరు బీడింగులు వేలితో కొద్దిగా ఎత్తి చూడండి. కింద పెయింటు ఒక గీత దగ్గర ఆగిపోయిందా? అది మాస్కింగ్ టేపు అంచు. వీల్ ఆర్చి లోపల, సైలెన్సర్ గొట్టం మీద, వైరింగ్ క్లిప్పుల మీద బాడీ రంగు చుక్కలు పడి ఉంటే అక్కడ స్ప్రే కొట్టారన్నమాటే.

3. పెయింట్ మందం కొలవండి

మీటరును దానితో వచ్చిన ప్లేటు మీద సరిచూసుకుని మొదలుపెట్టండి. ప్రతి ప్యానెల్ మీద ఐదు చోట్ల, అంటే నాలుగు మూలలూ మధ్యనా, కొలిచి రాయండి. పైకప్పుతో మొదలుపెట్టడం మంచిది. దానికి దెబ్బ తగిలే అవకాశం తక్కువ కాబట్టి మీ కారు అసలు మందం ఎంతో అక్కడ తెలుస్తుంది.

ఫ్యాక్టరీ పెయింటు చాలా కార్లలో సుమారు 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. కొన్నింటిలో ఇంకాస్త ఎక్కువ. 200 దాటి 350 దాకా వస్తే మళ్లీ పెయింటు వేసి ఉండొచ్చు. 500 దాటితే కింద లప్పం ఉందనే అనుమానించాలి. 1000 పైన, అంటే మిల్లీమీటరు మందం దాటాక, అది అనుమానం కాదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటరు పనిచేయదు. రీడింగు రాలేదని కంగారు పడకండి.
- కొన్ని కార్లలో బానెట్, ఫెండర్లు అల్యూమినియం. అక్కడ అయస్కాంతం అసలు అంటుకోదు. అది లప్పం అనుకుని గొడవకి దిగితే నవ్వులపాలవుతాం.
- ఒక్క ప్యానెల్‌లో 220 వచ్చిందని యాక్సిడెంట్ అని తేల్చేయకండి. పార్కింగులో పడ్డ గీతకి కూడా తలుపు మొత్తం పెయింటు వేస్తారు.
- దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి ఉంది. ప్యానెల్ మొత్తం మార్చి, కొత్తదానికి జాగ్రత్తగా పెయింటు వేస్తే రీడింగు మామూలుగానే రావచ్చు. మీటరు ఏమీ లేదన్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు.

బయట కొలిచాక తలుపు తెరిచి పిల్లర్ల (పైకప్పును మోసే నిలువు స్తంభాల) మీద, తలుపు గడప మీద కూడా కొలవండి. అక్కడ ఫ్యాక్టరీ పెయింటు బయటికంటే పల్చగా ఉండటం మామూలు. ఆ లోపలి చోట్లే మందంగా ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లరుకి సరదాగా ఎవరూ పెయింటు వేయరు.

4. బోల్టులు

ఫెండర్లు, బానెట్ కీళ్లు, తలుపు కీళ్లు, డిక్కీ కీళ్లు బిగించిన బోల్టుల తలలు చూడండి. చాలా కార్లలో వీటిని బిగించాకే బాడీకి రంగు వేస్తారు. అంటే బోల్టు తలా, చుట్టూ ఉన్న రేకూ ఒకే రంగులో, పగులు లేకుండా ఉండాలి. మూలల దగ్గర పెయింటు లేచిపోయి, స్పానరు గుర్తులు పడి, వాషరు ఒక జరుగు జరిగి పాత ముద్ర బయటపడి ఉంటే ఆ భాగం విప్పారు. హెడ్‌లైటు, బంపరు బోల్టులను లెక్కలోకి తీసుకోవద్దు, బల్బు మార్చడానికీ అవి విప్పాల్సి వస్తుంది.

5. బానెట్ కింద, డిక్కీ అడుగున: అసలు సంగతి ఇక్కడే

బయటి రేకులన్నీ చొక్కా లాంటివి, మార్చుకోవచ్చు. యాక్సిడెంటులో ప్రాణం కాపాడేది లోపలి ఎముక. అందుకే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

బానెట్ ఎత్తండి. ముందు రేడియేటర్‌ను పట్టి ఉంచే చట్రం, అంటే రేడియేటర్ సపోర్టు. తర్వాత రెండు పక్కలా సస్పెన్షన్ పైభాగం బిగించి ఉండే ఆప్రన్లు. వాటి కిందగా ఇంజన్‌కి అటూ ఇటూ ముందుకి సాగే బలమైన దూలాలు, మెకానిక్‌లు ఛాసిస్ లెగ్ అనేవి. టార్చి వేసి ఎడమది చూడండి, వెంటనే కుడిది చూడండి. మళ్లీ ఎడమది. ఈ పోలికే మీకు ఇంజనీరు.

స్పాట్ వెల్డింగు: ఫ్యాక్టరీలో యంత్రం వేసిన చుక్కలు చిన్న గుండ్రటి గుంటల్లా, దాదాపు సమాన దూరంలో వరుసగా ఉంటాయి. ఒక పక్క ఆ వరుస స్పష్టంగా ఉండి, రెండో పక్క అదే చోట గుంటలు మాయమైనా, గ్రైండరు పట్టిన గీతలు కనబడినా, గుంటకి బదులు ఉబ్బుగా వెల్డింగు ముద్ద ఉన్నా, అక్కడ కోసి అతికారు.

సీలెంటు: రేకుల అతుకుల మీద వేసే పేస్టు ఇది. ఒక పక్క తీరుగా, రెండో పక్క బ్రష్షుతో పూసినట్టు ఉందంటే కారణం వెతకాలి. గోటితో నొక్కి చూడండి, రెండు పక్కలా గట్టితనంలో తేడా కూడా తెలుస్తుంది. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే చేత్తో పూస్తాయి. కాబట్టి బ్రష్షు గుర్తు ఉండటం తప్పు కాదు, ఒక పక్కే ఉండటం తప్పు.

ముడతలు: దూలం మీద, ఆప్రన్ మూలల్లో రేకు నలిగి సరిచేసిన ఆనవాళ్లు చేత్తో తడిమితే కంటికంటే ముందు వేలికి తెలుస్తాయి. అయితే ముందు దూలాల మీద ఫ్యాక్టరీవాళ్లే కొన్ని నొక్కులు కావాలని పెడతారు, గుద్దినప్పుడు అక్కడ ముడుచుకోవడానికి. అవి రెండు పక్కలా అచ్చం ఒకేలా ఉంటాయి.

ఇక డిక్కీ. మ్యాటు తీసి, స్టెప్నీ ఎత్తి, ఆ గుంట అడుగు చూడండి. వెనకనుంచి గుద్దిన కార్లలో ఈ గుంట ముడతలు పడుతుంది, దాన్ని సుత్తితో కొట్టి సరిచేసినా పాత ఆకారం పూర్తిగా రాదు. అక్కడ నీటి చెమ్మ, కొత్తగా పూసిన నల్లటి కోటింగు, మిగతా అడుగుకంటే వేరే రంగు ఉంటే దగ్గరినుంచి ఫొటో తీయండి. ప్రతిదానికీ రెండు ఫొటోలు: ఒకటి దూరంగా ఎక్కడుందో తెలిసేలా, ఒకటి దగ్గరగా. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ కారుదో, ఏ మూలదో ఎవరికీ అర్థం కాదు.

6. అద్దాలు, లైట్లు, సీటు బెల్టులు

ప్రతి అద్దం మూలా కంపెనీ ముద్ర, తయారీ కాలం చెప్పే కోడు ఉంటాయి. అన్నీ ఒకే కంపెనీవై, కారు తయారైన ఏడాదికి దగ్గరగా ఉండాలి. ముందు అద్దం రాయి తగిలి మార్చడం మామూలే. పక్క తలుపు అద్దం ఒక్కటే వేరేదైతే, ఆ తలుపును మళ్లీ తనిఖీ చేయండి.

హెడ్‌లైట్లలో ఒకటి పసుపు పట్టి, రెండోది తళతళలాడుతుంటే ఒకటి కొత్తది. దాని వెనక ప్లాస్టిక్ చెవులు విరిగి అతికించి ఉన్నాయేమో చూడండి.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. అడుగు దగ్గర కుట్టిన లేబులు మీద తయారీ తేదీ ఉంటుంది. కారు 2018 ది, డ్రైవరు బెల్టు 2021 ది అయితే ఎందుకు మార్చారో అడగాల్సిందే. బెల్టు లాగినప్పుడు ఇరుక్కుపోతున్నా, వెనక్కి చుట్టుకోకపోయినా ప్రీటెన్షనరు (గుద్దినప్పుడు బెల్టును బిగించే పరికరం) ఒకసారి పేలి ఉండే అవకాశం ఉంది.

7. ఎయిర్‌బ్యాగ్

ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటు పీకేసి ఉండొచ్చు. ఆరకపోతే సిస్టంలో లోపం ఉంది. ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా వెలుగుతూ, ఆయిల్ లైటుతోపాటు అదే క్షణంలో ఆరుతుంటే, రెండింటి వైర్లూ కలిపారేమో చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

లైటు సరిగ్గా వెలిగి ఆరినా నమ్మకం లేదు. పేలిన బ్యాగు స్థానంలో చిన్న రెసిస్టరు పెట్టి సిస్టంని ఏమార్చేవాళ్లు ఉన్నారు. కాబట్టి స్టీరింగ్ మధ్య మూత రంగు, గరుకుదనం చుట్టుపక్కల ప్లాస్టిక్‌తో కలుస్తోందా చూడండి. ప్యాసింజరు వైపు డ్యాష్‌బోర్డు మీద అతికించిన గీత, కవరు వేసిన జాడ ఉన్నాయా తడమండి.

హెచ్చరిక: సీటు కింద, స్టీరింగ్ కింద కనబడే పసుపు రంగు కనెక్టర్లను మీరు ముట్టుకోకండి. చాలా కార్లలో అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. బ్యాగు పొరపాటున పేలితే మనిషి చచ్చేంత దెబ్బ తగులుతుంది. మూత విప్పడం తెలిసిన మెకానిక్ పని.

స్కానరు పెట్టించినప్పుడు ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో క్రాష్ రికార్డు ఉందేమో విడిగా అడగండి. ఇంజన్ వైపు రెడీనెస్ టెస్టులు (కారు కంప్యూటరు తనంతట తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు "నాట్ రెడీ" అంటుంటే, ఈ మధ్యే కోడ్లు చెరిపారు లేదా బ్యాటరీ తీశారు. రిపోర్టు ప్రింటు తీసుకునేదాకా ఎవరినీ "క్లియర్" నొక్కనివ్వకండి. పాపం, మెకానిక్ సాయం చేద్దామనే నొక్కేస్తాడు, ఆధారం పోతుంది.

8. లిఫ్టు, అలైన్‌మెంటు

లిఫ్టు మీద ఎక్కించి, తలుపు గడప అడుగు అంచుల్లో క్లాంపు పళ్ల గుర్తులు చూడండి. వంగిన ఛాసిస్‌ని యంత్రానికి బిగించి లాగినప్పుడు అవి అక్కడ పడతాయి. జాకీ గుర్తులతో పొరబడకండి, జాకీ పెట్టే చోటు మాన్యువల్‌లో ఉంటుంది.

వీల్ అలైన్‌మెంటు చేయించే ముందు, సరిచేయకుండా ఉన్నది ఉన్నట్టు ప్రింటు ఇమ్మనండి. క్యాంబరు, క్యాస్టరు (చక్రం వాలు కోణాలు) ఎడమా కుడీ కంపెనీ చెప్పిన హద్దులు దాటి తేడాగా ఉండి, సరిచేసినా రాకపోతే సస్పెన్షనో దాని వెనక ఉన్న రేకో వంగి ఉంది. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా ఒక్కటే అయితే గుంతల రోడ్డు చాలు.

ముందు చక్రం మధ్యనుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా టేపు పట్టి చూడటం మంచి అలవాటే. కొద్ది మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. రెనో 4 లాంటి పాత కార్లలో వెనక సస్పెన్షన్ అమరిక వల్ల ఫ్యాక్టరీలోనే రెండు పక్కలా దూరం వేరుగా ఉండేది, అలాంటి పాతకాలపు బండి అయితే ఈ కొలత పక్కన పెట్టండి.

9. రికార్డులు

1980ల నుంచి కార్లకి 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరు వాడుకలో ఉంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు రావు. అవి కనిపిస్తే చదవడంలో పొరపాటు పడ్డారు, లేదా నంబరే అనుమానాస్పదం. ఆ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత జాబ్ కార్డులు, బీమా కంపెనీ దగ్గర పాత క్లెయిములు అడగండి. యజమాని అడిగితే ఇచ్చేచోట ఇస్తారు. రికార్డులో ఏమీ లేకపోతే యాక్సిడెంటే కాలేదని కాదు, క్లెయిము చేయకుండా బయట టింకరింగ్ చేయించి ఉండొచ్చు.

10. తేల్చుకోవడం, నిపుణుడి రిపోర్టు

నోట్‌బుక్కు ముందు పెట్టుకుని కారు బొమ్మ గీసి, దొరికిన ప్రతి గుర్తూ దాని చోట వేయండి. గుర్తులు చెల్లాచెదురుగా ఉంటే అవి చిన్నచిన్న గీతల పనులు కావచ్చు. కుడి ఫెండరు బోల్టులు విప్పి, కుడి ఆప్రన్ మీద కొత్త సీలెంటు ఉండి, కుడి హెడ్‌లైటు కొత్తదై, డ్రైవరు బెల్టు తేదీ మారి ఉంటే, నాలుగూ ఒకే దెబ్బను చూపిస్తున్నాయి. ఒకే చోట మూడు గుర్తులు కలిస్తే తప్ప నేనైతే యాక్సిడెంట్ అనను. ఒక్క మినహాయింపు: పిల్లరు గానీ ఛాసిస్ లెగ్ గానీ కోసి అతికిన జాడ ఒక్కటే చాలు. అలాంటిది కనబడినా, ఎయిర్‌బ్యాగ్ లేదని తేలినా, కారు నడపడం ఆపేయండి.

ఇప్పుడు డీలర్‌తో సంబంధం లేని సర్వేయరు చేత రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. అందులో ఛాసిస్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, తేదీ, ఫొటోలు ఉండాలి. "ఈ రిపేరు ఎప్పటిది కావచ్చు, మేం కొనకముందుదేనా" అన్న ప్రశ్నకి జవాబు విడిగా రాయించండి. వెల్డింగు మీద పట్టిన తుప్పు, అద్దం తేదీ, ప్రకటన ఫొటోలు ఆయనకి చూపించండి. ఈలోపు మీరు ఏ రిపేరూ చేయించవద్దు.

11. డీలర్‌కి రాయండి

ఫోన్ కాదు, ఉత్తరం లేదా ఈమెయిలు. "మోసం", "దొంగతనం" లాంటి మాటలు వద్దు, అవి మీ పక్షాన్నే బలహీనం చేస్తాయి. ఇలా సరిపోతుంది:

"ఫలానా తేదీన మీ దగ్గర ఈ నంబరు గల కారు కొన్నాను. యాక్సిడెంట్ కాలేదని మీ ప్రకటనలో రాశారు. ఫలానా తేదీన జరిగిన స్వతంత్ర తనిఖీలో ముందు కుడి ఆప్రన్ కోసి వెల్డింగు చేసినట్టు, డ్రైవరు సీటు బెల్టు మార్చినట్టు తేలింది. రిపోర్టు జతచేస్తున్నాను. కారు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 14 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు."

కోరేది ఒకటే స్పష్టంగా రాయండి: డబ్బు వాపసా, ధర తగ్గింపా. ఉన్నది పెయింటు పనే అయితే వాపసు కోసం పట్టుబట్టడం కంటే తగ్గింపు త్వరగా తేలుతుంది. ఛాసిస్ దెబ్బతిన్న కారుకి మాత్రం తగ్గింపు ఒప్పుకోవద్దని నా సలహా, దాన్ని మళ్లీ అమ్మేటప్పుడు నిజం చెప్పాల్సింది మీరే.

గడువులు దేశాన్నిబట్టి మారతాయి. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద లోపమున్న వస్తువును తిరస్కరించి పూర్తి సొమ్ము అడగడానికి మొదటి 30 రోజులే. భారత్‌లో 2019 చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి సాధారణంగా రెండేళ్లు. మీరున్న చోటి గడువు మొదటి రోజే తెలుసుకోండి. "ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను" అని సంతకం పెట్టినా ఆశ వదులుకోనక్కర్లేదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పి అమ్మడాన్ని చాలా చోట్ల ఆ ఒక్క వాక్యం కాపాడదు. ఈ ఒక్క విషయంలో వకీలుకి గంట ఫీజు ఇవ్వడం దండగ కాదు.

డీలర్ బండి చూడాలని అడిగితే కాదనకండి, ఆయనకి ఆ హక్కు ఉంటుంది. మీ ఇంటి దగ్గరో మీ సర్వేయరు గ్యారేజీలోనో, మీ ఎదుటే చూడమనండి. తాళాలు ఇచ్చి రావాల్సిన పరిస్థితి వస్తే, బండి ఏ స్థితిలో అప్పగించారో ఫొటోలతో సహా కాగితం మీద రాసి, ఆయన సంతకం తీసుకున్నాకే ఇవ్వండి.